పాప వాన సీసాలో నేనే నీళ్లు పోశాను, ఇప్పుడేం చేయాలి?

ఈసారి ఉత్తరం ఒక తల్లి రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. చాలా పెద్ద ఉత్తరం, అందుకే ముఖ్యమైన సంగతులు మాత్రం నా మాటల్లో చెబుతాను. వాళ్లకు తొమ్మిదేళ్ల పాప, ఆరేళ్ల బాబు. ఆమె చదివింది కామర్స్, సైన్సుతో పరిచయం బడితోనే ఆగిపోయింది. ఐదు నెలల కిందట, పిల్లలు సెలవు రోజంతా ఫోనుకే అతుక్కుపోతున్నారని, ఆదివారాలు వాతావరణం మీద చిన్న చిన్న ప్రయోగాలు చేయించడం మొదలుపెట్టారు. గ్లాసులో నీళ్ల మీద షేవింగ్ ఫోమ్ వేసి, పైనుంచి రంగు చుక్కలు వేస్తే వాన కురిసినట్టు కిందికి దిగే ప్రయోగం ఒకటి. సీసా మూతికి బెలూన్ ముక్క బిగించి దాని మీద స్ట్రా అంటించిన, గాలి పీడనం చూపే బారోమీటర్ ఒకటి. ప్లాస్టిక్ సీసా పై భాగం కోసి, గరాటులా తలకిందులుగా అమర్చిన వాన కొలత ఇంకొకటి. పాప ఒక నోటుబుక్కు పెట్టుకుని రోజూ పొద్దున్నే రాస్తోంది, ఎవరూ గుర్తుచేయక్కర్లేదు.

చిక్కులు తర్వాత వచ్చాయి. క్లాసులో టీచర్ వాన ఎలా పడుతుందని అడిగితే పాప లేచి, మబ్బు నీళ్లతో నిండిపోయి బరువు మోయలేక వదిలేస్తుందని చెప్పింది. టీచర్ అది కాదన్నారు. పాప ఇంటికొచ్చి, "నువ్వే కదమ్మా చూపించావు" అని అడిగింది. ఇంకోసారి మధ్యాహ్నం బారోమీటర్‌లో స్ట్రా బాగా కిందికి దిగింది. పీడనం తగ్గింది, వాన ఖాయం అనుకుని, సాయంత్రం ఆట మానేయమని స్నేహితులందరికీ చెప్పింది. ఆ సాయంత్రం ఒక్క చుక్క పడలేదు. అప్పటి నుంచి పిల్లలు ఏడిపిస్తున్నారు, ఆమె ఆ సీసా వైపు చూడటం మానేసింది. ఇక మూడోది, ఆ తల్లికి నిద్ర పట్టనివ్వనిది. ఇరవై మూడు రోజులు వరసగా సున్నా రాసి పాప డీలా పడుతుంటే చూడలేక, ఒక రాత్రి ఆమే వెళ్లి వాన సీసాలో కొన్ని నీళ్లు పోసి వచ్చారు. పొద్దున పాప ఎగిరి గంతేసింది, 9 మిల్లీమీటర్లు అని రాసుకుంది. కాసేపటికి వచ్చి, "అమ్మా, మరి నేల తడవలేదేంటి?" అంది. ఈమె "ఒక్కోసారి మన దగ్గరే పడుతుందిలే" అన్నారు. ఇప్పుడు మూడు వారాల్లో బడిలో సైన్సు ప్రదర్శన, పాప ఆ నోటుబుక్కే పెడతానంటోంది. భర్త ఏమో ఈ ప్రయోగాలన్నీ ఆపేసి మంచి కిట్ కొనేద్దాం, లేదా వీడియోలు చూపిద్దాం అంటున్నారు. "నాకు రాని విషయం నేర్పబోయి పిల్లను పాడు చేశానా? ఆ నీళ్ల సంగతి చెప్పాలా, వద్దా?" ఇదీ ప్రశ్న.

అమ్మా, ముందు మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం ఏదో చెబుతాను. "మరి నేల తడవలేదేంటి?" తొమ్మిదేళ్ల పిల్ల తనకు ఎంతో సంతోషం ఇచ్చిన అంకెను తనే అనుమానించింది, ఇంకో సాక్ష్యంతో పోల్చి చూసింది. నేను చాలా ఏళ్లు పిల్లలకు సైన్సు చెప్పాను, కోరుకున్న ఫలితం చేతికొచ్చాక కూడా ఇది నిజమేనా అని అడిగే పిల్లలు చాలా తక్కువ. ఈ అలవాటు ఆమెకు మీ ఆదివారాల నుంచే వచ్చింది. కాబట్టి పాడు చేశానా అన్న మాట పక్కన పెట్టండి. కానీ ఆ ప్రశ్నకు మీరిచ్చిన జవాబు మాత్రం సరిదిద్దాల్సిందే, ఎందుకంటే సరిగ్గా ఆలోచించిన చోట ఆమెను తప్పు ఆలోచించావు అని వెనక్కి పంపింది.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది. ఒక వీధిలో వాన పడి పక్క వీధి పొడిగా ఉండటం నిజంగా జరుగుతుంది, అందుకే మీ మాట ఆమె నమ్మింది. కానీ లెక్క చూడండి. ఒక మిల్లీమీటర్ వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్లు. 9 మిల్లీమీటర్లు నిజంగా పడి ఉంటే సీసా చుట్టూ ప్రతి చదరపు మీటరుకు తొమ్మిది లీటర్లు పడి ఉండాలి. తెల్లారేసరికి నేల పొడిగా ఉండటం అసాధ్యం అనుకోవచ్చు. అంటే పాప అనుమానం ఊరికే వచ్చింది కాదు, అంకెలతో కూడా నిలబడేది.

చెప్పాలా వద్దా అన్నదానికి మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి. చెప్పకుండా ఉండిపోవచ్చు. పాప మరిచిపోవచ్చు కూడా. కానీ నోటుబుక్కు ప్రదర్శనలో ఉంటుంది, అదే రోజు అదే చోట ఉన్న ఎవరో ఒకరు "ఆ రోజు వాన పడలేదు కదా" అంటారు, అప్పుడు అందరి ముందూ జవాబు చెప్పాల్సింది మీరు కాదు, ఆ పిల్ల. ఆట మానేయమన్న రోజు ఎదురైన ఎగతాళి మీద ఇది రెండోది అవుతుంది. ఆ పేజీ ఒక్కటి ప్రదర్శనలో కనబడకుండా మాయం చేద్దామా అని కూడా రాశారు, అది వద్దు, ఒక దాన్ని కప్పడానికి ఇంకొకటి చేసినట్టవుతుంది.

రెండో దారి, ఆమెతోనే కనిపెట్టించడం. ఆ రోజు లెక్క మళ్లీ చూద్దామా, తొమ్మిది లీటర్లు పోసి చూస్తే నేల ఎలా ఉంటుందో చూద్దామా అని కూర్చోబెట్టి, చివర్లో మీరు ఒప్పుకోవడం. వినడానికి బాగుంటుంది, పాఠం కూడా ఉంది. కానీ మీకు ముందే తెలుసని ఆమెకు తెలిసిన క్షణం, ఆ వెతుకులాటంతా ఇంకో నాటకంలా అనిపించే ప్రమాదం ఉంది. కొందరు పిల్లలకు ఇది సరదా, కొందరికి మొదటి దానికంటే పెద్ద దెబ్బ. మీ పిల్ల ఎలాంటిదో మీకే తెలుస్తుంది.

మూడోది సూటిగా చెప్పడం. నేనైతే దీని వైపే మొగ్గుతాను. "ఆ రోజు సీసాలో ఉన్నవి వాన నీళ్లు కావు, నేనే పోశాను. రోజూ సున్నా రాస్తూ నువ్వు దిగులు పడుతుంటే చూడలేకపోయాను. నువ్వు నేల ఎందుకు తడవలేదని అడిగినప్పుడు కూడా నిజం చెప్పలేదు. నీ అనుమానమే కరెక్ట్." ఇంతే చాలు, ఇంతకు మించి సంజాయిషీ ఇస్తే మిమ్మల్ని ఓదార్చే పని ఆ పిల్ల మీద పడుతుంది. కోపం వస్తుంది, ఏడవచ్చు, రెండు రోజులు మీతో మాట్లాడకపోవచ్చు. ఇంకెన్ని అంకెలు అలా ఉన్నాయని అడగచ్చు, అడిగితే అది ఒక్కటేనని ఓపిగ్గా చెప్పండి. ప్రదర్శన ముందు రోజు రాత్రి మాత్రం చెప్పకండి, కోపం తగ్గడానికీ నోటుబుక్కు సరిచేసుకోవడానికీ ఆమెకు సమయం ఉండాలి. ఈ వారంలోనే అయితే మంచిది.

ఆ పేజీని ఏం చేయాలన్నది కూడా ఆమెకే వదలండి, కానీ శాస్త్రవేత్తలు ఏం చేస్తారో చెప్పండి. తప్పు అంకెను చెరిపేయరు, దాని మీద ఒకే ఒక్క గీత గీస్తారు, కింద అంకె ఇంకా చదవగలిగేలా. పక్కన కారణం, తేదీ రాస్తారు. మరి ఆ గడిలో ఇప్పుడు సున్నా రాయాలా? వాన పడలేదని మీకు తెలుసు కాబట్టి రాసేయాలనిపిస్తుంది. నేనైతే ఖాళీగా వదలమంటాను. సున్నా అంటే చూశాను, పడలేదు అని. ఖాళీ అంటే ఆ రోజు కొలత నా దగ్గర లేదు అని. ఈ రెండింటికీ తేడా తెలియడం వాతావరణం లెక్కల్లో చాలా పెద్ద విషయం, చాలామంది పెద్దవాళ్లకే తెలియదు. అడుగున తడి కనిపిస్తోంది కానీ కొలిచేంత లేదు అన్నప్పుడు కూడా సున్నా రాయరు, చుక్కలు పడ్డాయని విడిగా గుర్తు పెడతారు. ఇవన్నీ చెబితే ఆ ఇరవై మూడు సున్నాల విలువ ఆమెకు అర్థమవుతుంది, ఒక్కొక్కటీ ఆమె లేచి వెళ్లి చూసి వచ్చిన సున్నా.

ఇప్పుడు బారోమీటర్. ఇందులో తప్పు మీ పాపది కాదు, మీదీ కాదు, ఆ ప్రయోగాన్ని చెప్పే పద్ధతిలోనే ఉంది. సీసాలో గాలి బంధించి ఉంటుంది. బయట పీడనం పెరిగితే బెలూన్ లోపలికి నొక్కుకుంటుంది, సీసా అంచు మీద ఆనుకున్న స్ట్రా కొస పైకి లేస్తుంది. పీడనం తగ్గితే బెలూన్ ఉబ్బుతుంది, కొస దిగుతుంది. ఇంతవరకూ నిజమే. కానీ లోపలి గాలి వేడెక్కినా బెలూన్ ఉబ్బుతుంది కదా. మామూలు గది వేడిలో సీసాలో గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే, బయట పీడనం (దాన్ని హెక్టోపాస్కల్ అనే కొలతలో చెబుతారు) సుమారు 3 హెక్టోపాస్కల్‌లు తగ్గినట్టే స్ట్రా దిగుతుంది. సముద్రమట్టం దగ్గర మామూలు పీడనం 1013 హెక్టోపాస్కల్‌లు, మామూలు రోజుల్లో అది అటూ ఇటూ కదిలేది కొద్ది హెక్టోపాస్కల్‌లే. మీ సీసా కిటికీ దగ్గర ఉందని రాశారు. మధ్యాహ్నానికి గాలి ఐదు డిగ్రీలు వేడెక్కిందనుకోండి, తుఫాను వచ్చేస్తోందేమో అన్నట్టు స్ట్రా దిగిపోతుంది. ఆ రోజు ఆమె చూసింది వానను కాదు, ఎండను.

ఇది ఆమెకు చెప్పేటప్పుడు ఇంకో మాట కూడా చెప్పండి. 1600ల మొదట్లో ఇటలీలో వేడిని చూడటానికి గాలి బంధించి మూతి నీళ్లలో ముంచిన గాజు గొట్టాలు వాడేవారు, వాటికి ఇదే జబ్బు తిరగేసి ఉండేది, వేడి మారకపోయినా పీడనం మారితే చాలు, అందులో నీటిమట్టం కదిలేది. 1643లో టోరిచెల్లి అనే ఇటలీ శాస్త్రవేత్త పాదరసంతో గాలి బరువును చూపించాక, ఆ తర్వాత థర్మామీటర్లకు గొట్టం మూతి పూర్తిగా మూసేయడం మొదలయ్యాక గానీ ఈ రెండూ విడివడలేదు. అంటే మీ పాప పడిన గుంటలో ఆ కాలపు మహామహులు కూడా పడ్డారు.

ఏం చేయొచ్చంటే, ఆ సీసాను పారేయకండి. పక్కన మామూలు థర్మామీటర్ పెట్టి, రోజుకు మూడుసార్లు స్ట్రా ఎక్కడుందో, ఎన్ని డిగ్రీలుందో రెండూ రాయించండి. వారానికల్లా రెండు వరసలూ కలిసి కదులుతున్నాయని ఆమెకే కనిపిస్తుంది. సీసాను రెండు అరచేతులతో కాసేపు పట్టుకుంటే స్ట్రా కళ్ల ముందే దిగుతుంది, ఇది చూసినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి! తర్వాత అదే సీసాను ఎండ తగలని మూలన, నీళ్లు నింపిన బకెట్‌లో మెడ వరకూ నిలబెట్టి చూడమనండి, కింద బరువు కడితే తేలకుండా ఉంటుంది. నీళ్లు నెమ్మదిగా వేడెక్కుతాయి కాబట్టి కదలిక చాలా తగ్గుతుంది. పూర్తిగా పోదు. రోజులు గడిచేకొద్దీ రబ్బరులోంచి గాలి కూడా కొద్దికొద్దిగా తప్పించుకుంటుంది. దీన్ని ప్రదర్శనలో 'నా బారోమీటర్ ఎందుకు తప్పు చెప్పింది' అని పెట్టొచ్చు. నాకైతే అది అక్కడ అందరికంటే మంచి ప్రాజెక్టు అవుతుందనిపిస్తుంది. కానీ ఏడిపించిన పిల్లలే అక్కడికి వస్తారు, ఆ సంఘటన మళ్లీ తవ్వడం ఆమెకు ఇష్టం లేకపోవచ్చు. అడగండి. వద్దంటే వాన పట్టిక ఒక్కటే పెట్టనివ్వండి, బారోమీటర్ పని ఇంట్లో ఆమె కోసం జరుగుతుంది, అదీ తక్కువేం కాదు.

స్నేహితుల ఏడిపింపు గురించి. 1861లో ఫిట్జ్‌రాయ్ అనే నౌకాదళ అధికారి మొదటిసారి లండన్ పత్రికలో రోజువారీ వాతావరణ సూచనలు వేయించినప్పుడు, తప్పిన ప్రతిసారీ జనం ఎగతాళి చేశారు. తాను చెప్పేది జోస్యం కాదని ఆయన మొదటి నుంచీ అంటూనే ఉన్నాడు. మీ పాప చేసిన పొరపాటు చిన్నది, ఒక్క పరికరం చూసి ఖాయం అంది. ఇకనుంచి రోజూ సాయంత్రం రేపటి మాట రాసి పెట్టమనండి, ఖాయం అని కాకుండా పదిలో ఎన్ని పాళ్లు అనిపిస్తోందో అంకె వేయమనండి, ఎవరికీ చెప్పక్కర్లేదు. పక్కనే ఇంకో వరసలో బాబు చేత 'రేపు ఇవాళలాగే ఉంటుంది' అని రాయించండి, ప్రతి రోజూ అదే. నెల తర్వాత ఎవరు ఎక్కువ గెలిచారో లెక్క కట్టండి. నిజం వాతావరణ శాస్త్రవేత్తలు కూడా తమ సూచనలను ఇలాగే పోల్చి చూసుకుంటారు, రేపూ ఇవాళలాగే అన్న మాటను ఓడించలేని సూచనకు విలువ లేదని. వానలు లేని రోజుల్లో బాబే గెలిచే అవకాశం ఎక్కువ, పాపకు ముందే చెప్పి ఉంచండి.

షేవింగ్ ఫోమ్ మబ్బు సంగతి. టీచర్ చెప్పింది సరైనదే. మబ్బు సంచి కాదు, నిండి ఒలికిపోవడానికి. అందులో ఉన్నవి మిల్లీమీటర్‌లో యాభయ్యో వంతు ఉండే నీటి బిందువులు, అవి కూడా పడుతూనే ఉంటాయి కానీ సెకనుకు ఒక సెంటీమీటర్ లెక్కన, పైకి లేచే గాలి వాటిని సులువుగా మోసేస్తుంది. రెండు మిల్లీమీటర్ల వాన చుక్క ఒకటి తయారవ్వాలంటే అలాంటి బిందువులు పది లక్షల దాకా కలవాలి. కొన్ని మబ్బుల్లో ఒకదాన్నొకటి ఢీకొని కలుస్తాయి, చలి ఎక్కువున్న ఎత్తైన మబ్బుల్లో ముందు మంచు రేకులుగా పెరిగి కిందికి వస్తూ కరుగుతాయి. ఇది చూపించడానికి ఫోమ్ అక్కర్లేదు. నిలబెట్టిన అద్దం మీద స్ప్రే సీసాతో సన్నగా నీళ్లు చల్లండి. చిన్న చుక్కలు ఉన్నచోటే ఉంటాయి. ఇంకా చల్లుతూ పోతే పక్కపక్కవి కలుస్తాయి, ఒకటి కాస్త పెద్దదై జారడం మొదలుపెట్టి దారిలో ఉన్నవాటన్నిటినీ కలుపుకుంటూ పరుగెత్తుతుంది. అయితే ఇక్కడ కూడా ఆమెను ఒక ప్రశ్న అడగండి, "ఇది ఎక్కడ ఆకాశంలా ఉంది, ఎక్కడ లేదు?" అని. అద్దం మీద చుక్కను పట్టి ఉంచేది అద్దమే, మబ్బులో మోసేది గాలి. ఏ ప్రయోగం చేసినా ఈ ఒక్క ప్రశ్న అడగడం అలవాటు చేసుకుంటే మీకు సైన్సు రాదన్న భయం సగం పోతుంది, ఎందుకంటే జవాబు మీకు తెలియకపోయినా పరవాలేదు, ఇద్దరూ కలిసి వెతకొచ్చు. క్లాసులో జరిగిందానికి కూడా ఇదే మందు. "నేను చూపించిన ప్రయోగం రంగు కిందికి దిగడం వరకే చూపిస్తుంది, అది నాకూ అప్పుడు తెలియదు" అని చెప్పేయండి.

మబ్బు పుట్టడం చూపించాలంటే మాత్రం సీసాలో మబ్బు ప్రయోగం చేయండి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. వెడల్పు మూతి ఉన్న గాజు సీసాలో రెండు అంగుళాలు గోరువెచ్చని నీళ్లు పోసి, పైన మంచు ముక్కలున్న ప్లేటు పెట్టండి. పెద్దగా ఏమీ కనిపించదు. రెండోసారి, ఆర్పిన అగ్గిపుల్ల పొగ కొంచెం లోపలికి పోనిచ్చి వెంటనే ప్లేటు పెట్టండి, తెల్లగా మబ్బు కడుతుంది. అగ్గిపుల్ల మీ చేతిలోనే ఉండాలి. ఆవిరి ఒక్కటే చాలదు, అంటుకోవడానికి ధూళి కణమో పొగ కణమో ఉండాలి. ఈ సంగతిని 1880ల్లో జాన్ ఐట్‌కెన్ అనే స్కాట్లండ్ ఆయన దాదాపు ఇలాంటి గాజు పాత్రలతోనే గట్టిగా చూపించాడు. రెండుసార్లూ అన్నీ ఒకేలా ఉంచి పొగ ఒక్కటే మార్చడం ముఖ్యం, లేకపోతే అది ఉత్త గారడీలా మిగిలిపోతుంది.

వానలు లేని నెలల్లో వాన సీసా ఒక్కటే పెడితే ఏ పిల్లయినా దిగులు పడుతుంది. మీరు నీళ్లు పోయడానికి అసలు కారణం కూడా అదే కదా. రోజూ మారేవి కొన్ని జతచేయండి. ఆకాశాన్ని ఎనిమిది భాగాలుగా ఊహించుకుని మబ్బు ఎన్ని భాగాలు కప్పిందో రాయడం, వాతావరణ కేంద్రాల్లో చేసేదీ ఇదే. ఇంకొకటి, ఒకేలాంటి థర్మామీటర్లు రెండు నీడలో పక్కపక్కన వేలాడదీసి, ఒకదాని బల్బుకు తడి నూలు గుడ్డ చుట్టి విసనకర్రతో విసరడం. గుడ్డ ఆరే కొద్దీ అది చల్లబడుతుంది. రెండింటి మధ్య తేడా ఎక్కువుంటే గాలి పొడిగా ఉన్నట్టు, తేడా లేకపోతే గాలి నిండా తేమ ఉన్నట్టు. వాన లేని రోజుల్లోనే ఈ తేడా చూడటం బాగుంటుంది.

బాబుకు ఇవన్నీ బరువు. వాడికి చల్లటి నీళ్ల గ్లాసు చాలు. గ్లాసు బయట చెమట పట్టిందేంటని అడిగితే చాలామంది పిల్లలు లోపలి నీళ్లు కారాయంటారు. అందులో ఎర్ర రంగు కలిపి చూపించండి, బయట చుక్కలకు రంగు ఉండదు. కాగితంతో తుడిచి వాడినే చూడమనండి.

మీవారి మాట గురించి. కిట్ కొనడం తప్పేం కాదు, అందులో థర్మామీటర్లు బాగుంటే పనికొస్తాయి, వీడియోలు కూడా మీరు ముందుగా చూసుకోవడానికి ఉపయోగపడతాయి. కానీ వీడియోలో ప్రయోగం ఎప్పుడూ ఫలిస్తుంది, నేల ఎందుకు తడవలేదని అడిగే అవకాశం పిల్లకు ఉండదు. కొన్నాళ్లు ఆపేసినా కొంప మునగదు, మీకు అలసటగా ఉంటే ఆపండి. ఆ నిర్ణయం మాత్రం నీళ్ల సంగతి చెప్పేశాక తీసుకోండి. ముందే ఆపేస్తే, తాను తప్పు సూచన చెప్పినందుకే ఆపేశారని పాప అనుకుంటుంది.

ఒక చిన్న పని మిగిలింది. మీ వాన సీసా ప్లాస్టిక్‌ది అన్నారు కదా, అడుగు వంపులు తిరిగి ఉంటుంది, అక్కడ స్కేలుతో కొలిస్తే మొదటి మిల్లీమీటర్లన్నీ తప్పు వస్తాయి. అడుగున గులకరాళ్లు వేసి, పక్కలు నిటారుగా మొదలయ్యే చోటుకు నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత పెట్టాలి. ఆ నీళ్లు ఎండకు తగ్గుతుంటాయి, రోజూ కొలిచాక మళ్లీ గీత వరకూ సరిచేయాలి. గోడకు, చెట్టుకు దూరంగా, వాటి ఎత్తుకు కనీసం రెట్టింపు దూరంలో ఉంటే మంచిది. నిజం చెప్పిన మర్నాడో, ఆమె కోపం తగ్గిన రోజో, ఈ గీత ఇద్దరూ కలిసి గీయండి. సున్నా దాకా నీళ్లు ఆమెనే పోయనివ్వండి.